పడమటి బాల్కనీలో పద్నాలుగు నెపెంథిస్ మొక్కలు: ఒక కేస్ స్టడీ

ఒక ఫిబ్రవరి చివరి వారంలో హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంటు నుంచి నాకు పిలుపు వచ్చింది. పై అంతస్తులో, పడమటి ముఖంగా ఉన్న బాల్కనీలో ఒకావిడ పద్నాలుగు నెపెంథిస్ మొక్కలను, అంటే మనం కూజా మొక్కలని పిలిచే కీటకాహార మొక్కలను పెంచుతున్నారు. వాటి పాత ఆకులు ఇటుక రంగుకు తిరిగాయి, కొత్త ఆకులు పసుపుపచ్చగా పాలిపోతున్నాయి, డిసెంబరు నుంచి ఒక్క మొక్క కూడా కూజా కట్టలేదు. ఈ కేసులో నేను తీసుకున్న మొదటి నిర్ణయం తప్పని తెలియడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల ఆలోచనను కూడా దాచకుండా రాయాలనే ఉద్దేశంతో దీనిని నమోదు చేస్తున్నాను. ఊరి పేరు తప్ప యజమానిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసివేశాను.

నేపథ్యం

మొక్కలలో పది 'వెంట్రాటా' అనే సంకరానికి చెందినవి. ఫిలిప్పీన్స్‌లోని రెండు జాతుల కలయికతో ఏర్పడిన ఈ మొక్క వేడినీ, కొంతవరకు చలినీ, పెంచేవారి అశ్రద్ధనూ ఓర్చుకుంటుంది కనుక మన నర్సరీలలో వేలాడే కుండీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మరో మూడు మేఘాలయకు చెందిన ఖాసియానా మొక్కలు. భారతదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ జాతి ఇదొక్కటే; గారో కొండల ప్రజలు దీనిని 'మెమాంగ్ కోక్సి', అంటే దయ్యం బుట్ట అంటారు. అడవి నుంచి తవ్వి తెచ్చి అమ్మడం వల్ల ఎంతో నష్టపోయిన ఈ జాతి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి, ఎవరి దగ్గర చూసినా అది ఎక్కడి నుంచి వచ్చిందని ముందుగా అడగడం నాకు అలవాటు. ఇవి ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలని ఆవిడ రసీదు చూపించారు. పద్నాలుగోది ఎత్తైన కొండలపై పెరిగే జాతుల సంకరం. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల ప్రాంతానికి దిగితేనే సుఖంగా ఉండే రకం. దాని సంగతి చివర చెబుతాను.

మొక్కలన్నీ అంతకు ముందు జూలైలో కొన్నవి. జూలై నుంచి అక్టోబరు వరకు అవి బాగా పెరిగి, ఆకు ఆకుకూ కూజా కట్టాయి. నవంబరులో పెరుగుదల మందగించింది. డిసెంబరులో ఆకులు ఎర్రబడ్డాయి. జనవరిలో పసుపు మొదలైంది. ఈ వరుసను ఆవిడ తేదీలతో సహా ఫోనులో ఫొటోలు చూపిస్తూ చెప్పారు. కేసులో కీలకమైన ఆధారం ఆ వరుసలోనే ఉంది, కానీ ఆ రోజు నేను దానిని విన్నానే తప్ప పట్టించుకోలేదు.

ఈ మొక్క ఆకు నిర్మాణం తెలియకపోతే తరువాతి నిర్ణయాలు అర్థం కావు. మనం ఆకు అనుకునే పచ్చని వెడల్పాటి భాగం నిజానికి ఆకు అడుగుభాగం విస్తరించడం వల్ల ఏర్పడినది. దాని కొన నులితీగగా సాగి, ఆ తీగ చివర బుడిపె ఏర్పడి, అది ఉబ్బి కూజా అవుతుంది. ఒక ఆకుకు కూజా కట్టే అవకాశం ఒక్కసారే ఉంటుంది. బుడిపె ఎండిపోతే పరిస్థితులు ఎంత మెరుగుపడినా ఆ ఆకు మళ్ళీ ప్రయత్నించదు. అందువల్ల ఏ చికిత్స ఫలితమైనా కొత్త ఆకులలోనే చూడాలి. వెంట్రాటాలో ఒక్కొక్క ఆకు విప్పుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తొందరపడేవారికి అనువైన మొక్క కాదు.

మొదటి పరిశీలన

పురుగు, తెగులు ఉన్నాయేమో ముందుగా చూశాను. పొడి గాలిలో ఎర్రనల్లి చేరితే ఆకు కంచు రంగుకు తిరుగుతుంది, దూరం నుంచి అది ఈ ఎరుపులాగే ఉంటుంది. ఆకుల కింద తెల్ల కాగితం పట్టి తట్టి చూశాను, భూతద్దంతో అడుగుభాగాలు చూశాను; నల్లి లేదు, తామర పురుగు లేదు, పిండినల్లి కూడా లేదు.

తరువాత రంగు ఎక్కడెక్కడ ఉందో గమనించాను. ఎరుపు పాత ఆకులలో, అదీ వీధి వైపు తిరిగిన పైభాగాలలో ఉంది. ఒక మొక్కకు నర్సరీవారు గుచ్చిన ప్లాస్టిక్ పేరు చీటీ ఒక ఆకుకు ఆనుకొని నిలబడి ఉంది. దానిని తీసి చూస్తే, ఎర్రని ఆకు మధ్యలో చీటీ కొలతకు సరిగ్గా సరిపోయే పచ్చని దీర్ఘచతురస్రం కనిపించింది. ఒక ఆకు మరొక ఆకుపై వాలిన చోట కూడా అలాగే నీడ ముద్ర పడింది. భాస్వరం లోపం వల్ల వచ్చే ఊదా రంగు ఇలా చీటీ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగదు. ఎండ ఎక్కువైనప్పుడు ఆకు తన పత్రహరితానికి గొడుగు పట్టినట్టుగా పైపొరల్లో ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణకాన్ని తయారు చేసుకుంటుంది. చల్లని రాత్రులు దానికి తోడైతే ఆ రంగు ఇంకా చిక్కబడుతుంది. ఈ ఎరుపు వెలుతురు వల్ల వచ్చిందే అన్న నా నిర్ధారణ సరైనదే. సాయంత్రం నాలుగు గంటలకు బాల్కనీ అంచున వెలుతురును కొలిచే లక్స్ మీటరు 60,000 దాటింది.

పసుపు మాత్రం వేరుగా ఉంది. అది లేత ఆకులలో, ఈనెల మధ్య ఉంది. మధ్య ఈనె, దాని పక్కనున్న ఈనెలు పచ్చగానే మిగిలాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందుగా పసుపెక్కాలి. మెగ్నీషియం లోపమైనా ముదురు ఆకులతోనే మొదలవుతుంది. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోవడం ఇనుము అందకపోవడానికి గుర్తని నారుమడి పెంచిన ఏ రైతైనా చెబుతాడు. కొన్ని పాత ఆకుల కొనలు గోధుమ రంగులో మాడి ఉన్నాయి.

అంతకు ముందు చేసిన ప్రయత్నాలు

నేను వెళ్ళేనాటికే ఆవిడ మూడు పనులు చేశారు. ఆకులు పాలిపోతున్నాయని నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు రెండు గ్రాముల చొప్పున కలిపి, వారానికొకసారి కుండీలలో పోశారు. ఊరిలో వ్యవసాయం చేసే బంధువు సలహా మీద అన్నభేదిని, అంటే ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్‌ను, నిమ్మ ఉప్పుతో కలిపి ఆకులపై పిచికారి చేశారు. వేరుశనగకు పనిచేసే ఆ మోతాదు ఈ ఆకులపై నల్లని మచ్చలు మిగిల్చింది, కానీ మచ్చల చుట్టూ కొన్నాళ్ళు పచ్చదనం వచ్చి పోయింది. ఆ తరువాత మెగ్నీషియం ఉండే ఎప్సమ్ సాల్ట్ కూడా వేశారు. అన్నభేది తగిలిన చోట పచ్చబడిందంటే ఆకుకు ఇనుము కావాలి, వేరు దానిని తీసుకోలేకపోతోంది అని అర్థం. ఈ మాటను ఆ రోజు నా నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకొని, దానికి విరుద్ధమైన పని చేశాను.

నా మొదటి నిర్ణయం, దాని వైఫల్యం

రెండు రంగులనూ ఒకే జబ్బుకు చెందిన రెండు దశలుగా భావించాను. ఎండ ఎక్కువై ఆకు ఎర్రబడింది, ఇంకా ఎక్కువై పత్రహరితం విరిగి పసుపెక్కింది అన్నది నా ఊహ. చీటీ ముద్ర అంత స్పష్టంగా కనిపించడంతో ఇక వేరే ఆధారాలు వెతకాలనిపించలేదు. 75 శాతం వెలుతురును ఆపే షేడ్‌నెట్ కట్టించి, ఎరువులన్నీ ఆపించాను. నీళ్ళ గురించి అడిగితే "మాకు సాఫ్టెనర్ ఉందండీ, మెత్తని నీళ్ళే పోస్తున్నాను" అన్నారు. నేను సరేనన్నాను. ఎరువు ఆపించడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

ఏప్రిల్ రెండో వారానికి పాత ఆకులలో ఎరుపు తగ్గింది. ఆవిడ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ కొత్తగా వచ్చిన ఆకులు పొడవుగా, పలచగా సాగాయి, ఈనెల మధ్య పసుపు అలాగే ఉంది, నులితీగల చివర బుడిపె ఆవగింజంత కూడా ఉబ్బకుండానే ఎండిపోయింది. నెట్ వెనక ఉదయం పదకొండుకు కొలిస్తే 6,000 లక్స్ మాత్రమే వచ్చింది. వెంట్రాటా కూజా కట్టడానికి నా అనుభవంలో 15,000 లక్స్ అయినా రోజులో చాలా గంటలు ఉండాలి. అంటే నేను హాని చేయని ఎరుపును పోగొట్టడం కోసం, మొక్కకు మిగిలి ఉన్న ఒకే ఒక అనుకూలతను తీసివేశాను.

పసుపు మాత్రం వెలుతురు తగ్గించినా కదలలేదు. వెలుతురుతో సంబంధం ఉంటే ఎంతో కొంత మారి ఉండాలి. అప్పుడు మళ్ళీ ఆ ఫొటోల వరుస దగ్గరికి వెళ్ళాను.

కారణం కోసం వెతుకులాట

జూలై నుంచి అక్టోబరు వరకు కూడా అవే నీళ్ళు పోశారు, అదే బాల్కనీ, అవే కుండీలు. మారినదేమిటి? పడమటి బాల్కనీ కావడంతో నైరుతి వానల జల్లు నేరుగా కుండీల మీద పడేది. నవంబరు నుంచి వాన లేదు. అదే సమయంలో మబ్బులు తొలగి ఎండ పెరిగింది, రాత్రులు చల్లబడ్డాయి. రెండు వేర్వేరు కారణాలు ఒకే నెలలో మొదలుకావడం వల్లనే అవి ఒకే జబ్బులా కనిపించాయి.

ఇక నీటిని కొలిచాను. సాఫ్టెనర్ కుళాయిలో టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, 780 వచ్చింది. ఆవిడ నమ్మలేదు, సబ్బు బాగా నురగ వస్తోంది కదా అన్నారు. సాఫ్టెనర్ నీటిలోని లవణాలను తీసివేయదు. కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని, వాటికి బదులు సోడియంను వదులుతుంది. అందుకే దానిలో మనం ఎప్పటికప్పుడు ఉప్పు పోస్తాం. బోరు నీటిలోని బైకార్బొనేట్ యథాతథంగా ఉంటుంది. స్నానానికీ బట్టలకూ మేలు చేసే ఈ మార్పు, సోడియంను తట్టుకోలేని ఈ వేళ్ళకు మామూలు బోరు నీటి కంటే ఎక్కువ కీడు చేస్తుంది.

కుండీ పైనుంచి కొద్దిగా శుద్ధ జలం పోసి, అడుగు నుంచి కారినదానిని పట్టి కొలిస్తే టీడీఎస్ 1460, పీహెచ్ 7.8 వచ్చాయి. సహజంగా ఆమ్లత్వం ఉన్న నేలల్లో పెరిగే ఈ మొక్క వేరు దగ్గర పీహెచ్ 5 ప్రాంతంలో ఉండాలి. 7.8 దగ్గర ఇనుము కుండీలో ఉన్నా కరగని రూపంలో ఉండిపోతుంది. అన్నభేది మచ్చల చుట్టూ పచ్చదనం ఎందుకు వచ్చిందో, 19:19:19 వేసిన కొద్దీ పరిస్థితి ఎందుకు విషమించిందో అప్పుడు తెలిసింది.

కుండీలలో అంత ఉప్పు పేరుకోవడానికి మరో కారణం ఉంది, దానిని ఏ మీటరూ చూపించదు. కింది అంతస్తువారు తమ బాల్కనీలో ఆరేసిన బట్టల మీద నీళ్ళు కారుతున్నాయని గొడవ చేయడంతో, ఆవిడ ప్రతి కుండీ కింద పళ్ళెం పెట్టి, అడుగు నుంచి చుక్క కూడా కారకుండా గ్లాసుతో కొలిచి పోస్తున్నారు. నీరు ఆవిరై పోతుంది, దానిలోని లవణం మిగులుతుంది. మూడు నెలల్లో ఎంత చేరుతుందో లెక్క వేసుకోవచ్చు. ఇరుగుపొరుగు గురించి అడగడం నా ప్రశ్నల జాబితాలో అంతకు ముందు లేదు, ఇప్పుడు ఉంది.

చికిత్స

ఇంట్లో తాగునీటి ఆర్ఓ యంత్రం ఉంది కానీ దాని నీరు 140 చూపించింది. రుచి కోసం కొంత ముడి నీటిని కలిపే టీడీఎస్ కంట్రోలర్ దానికి కారణం. దానిని పూర్తిగా మూసివేస్తే ఇంట్లోవాళ్ళు తాగే నీరు మారుతుంది కనుక, పొర నుంచి వచ్చే నీటిని కలిపే చోటుకు ముందే వేరే గొట్టంతో తీయించాము. అది 28 వచ్చింది.

తరువాతి ప్రశ్న, ఏప్రిల్ చివర ఎండల్లో కుండీలు మార్చాలా వద్దా అన్నది. నల్లగా, వెంట్రుకల్లా సన్నగా ఉండే ఈ మొక్క వేళ్ళు ఇట్టే తెగుతాయి. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 25 శాతం దగ్గర ఉన్నప్పుడు వేరు తెగిన మొక్క నీరు తాగలేదు. మరోవైపు, ఉప్పులో ఉంచితే రోహిణి కార్తె దాకా బ్రతుకుతుందన్న నమ్మకం లేదు. మధ్యేమార్గంగా ముందు కుండీలను కడగాలని నిర్ణయించాను. ఒక్కొక్క కుండీని బాత్‌రూములోకి తీసుకువెళ్ళి, కుండీ పరిమాణానికి మూడింతల ఆర్ఓ నీరు నిదానంగా పోయించాను. పది రోజుల్లో మూడుసార్లు కడిగాక 1460 నుంచి 610కి, 330కి, 240కి దిగింది. వారం తరువాత కొలిస్తే మళ్ళీ 410. నర్సరీవారు నాటినది కోకోపీట్‌లో. కొబ్బరి పొట్టు సోడియంను పట్టుకొని ఉంచుకుంటుంది, కేవలం శుద్ధ జలంతో కడిగితే వదలదు. కడగడం ప్రాణం నిలబెట్టే పని మాత్రమే, నయం చేసే పని కాదని దీనితో తేలింది.

ఆ సమయంలోనే, చూడగానే ఆఖరి దశలో ఉన్నట్టు కనిపించిన నాలుగింటిని, అంటే రెండు వెంట్రాటాలను, రెండు ఖాసియానాలను స్ఫాగ్నమ్ అనే నాచు, పెర్లైట్ అనే తెల్లని తేలిక గుళికలు సగం సగం కలిపిన మిశ్రమంలోకి మార్చాను. వాటిలో ఒక ఖాసియానా మే నెలలో చనిపోయింది. కడిగి వదిలేసిన మొక్కల్లో ఏదీ చనిపోలేదు. ఆ ఖాసియానా ఎలాగూ పోయేదని సర్దిచెప్పుకోవచ్చు, కానీ నేను అలా అనుకోవడం లేదు. ఇప్పుడైతే నాలుగింటినీ కడిగి, మృగశిర వచ్చేవరకు ఆగేవాడిని.

75 శాతం నెట్ తీసి 50 శాతం నెట్ కట్టించాను. మే నెలలో ఇంకేమీ చేయలేదు.

జూన్ రెండో వారంలో గాలి చల్లబడ్డాక మిగిలిన మొక్కలను కూడా నాచు, పెర్లైట్‌లోకి మార్చడానికి పూనుకున్నాను. అక్కడే ఒక సందేహం వచ్చింది. వానాకాలంలో తేమ 80 శాతం దాటుతుంది; ఏమీ చేయకపోయినా కూజాలు రావచ్చు. అప్పుడు మంచి అయినది నీటి మార్పు వల్లనా, తేమ వల్లనా ఎలా తెలుస్తుంది? ఆవిడను అడిగి, రెండు వెంట్రాటాలను పాత కోకోపీట్‌లోనే ఉంచి, సాఫ్టెనర్ నీరే కొనసాగించాము. అవి పది మొక్కల్లో రెండు కావడంతో, పోయినా ఫరవాలేదని ఆవిడ ఒప్పుకున్నారు. జల్లు తగిలి ఆ రెండింటి ఉప్పు కడిగేయకుండా మొక్కలన్నింటినీ గోడ వైపుకు జరిపాము. ఎరువు ఏ మొక్కకూ వేయలేదు.

ఫలితాలు

ఆగస్టు మధ్యకు, నీరూ మిశ్రమమూ మార్చిన ఎనిమిది వెంట్రాటాలలో ఏడు మొక్కలు కూజాలు కట్టాయి. వాటి కొత్త ఆకులు ఈనెల మధ్య కూడా పచ్చగా వచ్చాయి. ఇనుము ఒక్క చుక్క కూడా వేయకుండానే పసుపు పోయిందన్నది నాకు కూజాల కంటే పెద్ద సాక్ష్యం. బ్రతికిన రెండు ఖాసియానాలలో ఒకటి కూజా కట్టింది, రెండోది ఆకులకే పరిమితమైంది.

పాత పద్ధతిలో ఉంచిన రెండింటిలో ఒకదాని బుడిపెలు సెంటీమీటరు దాకా ఉబ్బి ఎండిపోయాయి. రెండోది మాత్రం బొటనవేలంత చిన్న కూజా ఒకటి కట్టింది. కాబట్టి తేమకు ఇందులో పాత్ర లేదని చెప్పలేను. అయితే ఆ రెండింటి లేత ఆకులూ పసుపుగానే వచ్చాయి.

మధ్యలో జూలైలో, మబ్బులు విడిచి రెండు వారాలు గట్టి ఎండ కాసినప్పుడు, ఆవిడ కంగారుగా ఫోన్ చేశారు. "మళ్ళీ ఎర్రబడుతున్నాయండీ, నెట్ మార్చేద్దామా?" అన్నారు. ఎరుపు ఏ ఆకుల్లో ఉందో, లేత ఆకు ఈనెల మధ్య ఏ రంగులో ఉందో చూసి చెప్పమన్నాను. పైన ఎర్రగా, లేత ఆకు పచ్చగా, బుడిపెలు ఉబ్బుతూ ఉన్నాయని చెప్పారు. నెట్ ముట్టుకోవద్దన్నాను. తగినంత వెలుతురులో ఉన్న వెంట్రాటాకు కాస్త ఎరుపు ఉండటమే సహజం. కూజా ఎర్రదనం కూడా ఆ వెలుతురు నుంచే వస్తుంది. ఎండ దెబ్బ అయితే ఎరుపుతో ఆగదు, ఎండకు ఎదురుగా ఉన్న చోట తెల్లగా లేదా గోధుమ రంగులో మచ్చ పడి ఆ భాగం చచ్చిపోతుంది. అలాంటి మచ్చ ఒక్కటీ లేదు.

కొండ జాతుల సంకరం విషయంలో నేను విఫలమయ్యాను. నీరు మార్చాక దాని ఆకులూ పచ్చబడ్డాయి, కానీ వచ్చే ఆకు ప్రతిసారీ ముందుదానికంటే చిన్నదవుతూ వచ్చింది. మే నెలలో ఆ బాల్కనీలో రాత్రి కూడా 28 డిగ్రీలకు తగ్గలేదు. గోడలు పగలంతా వేడెక్కి రాత్రంతా వదులుతాయి. ఐసు ముక్కలు, తడి గోనెపట్టా వంటివి సూచించి ఆవిడ చేత చాకిరీ చేయించడం న్యాయం కాదనిపించింది. సెప్టెంబరులో దానిని నీలగిరులలో మొక్కలు పెంచే ఒక పరిచయస్తుడికి పంపించాము.

ఇప్పటి స్థితి

పోలిక కోసం ఉంచిన రెండు మొక్కలను కూడా సెప్టెంబరులోనే కొత్త మిశ్రమంలోకి, ఆర్ఓ నీటికి మార్చాము. కింది అంతస్తువారితో తగవు రాకుండా, పళ్ళేలు తీసేసి, పది రోజులకొకసారి కుండీలన్నింటినీ బాత్‌రూములో బకెట్ నీటితో కడిగి, కారడం ఆగాక బాల్కనీలో పెడుతున్నారు. ఎరువు విషయానికి వస్తే, ఆర్కిడ్లకు వాడేదానిని లీటరుకు పావు గ్రాము కలిపి నెలకొకసారి ఆకులపై మాత్రమే పిచికారి చేయమన్నాను. మిగిలినది కూజాల్లో పడే చీమలు చూసుకుంటాయి.

డిసెంబరులో మరొకసారి వెళ్ళాను. ఆకులు ముందటి డిసెంబరులాగే ఇటుక రంగులో ఉన్నాయి. కుండీ నుంచి కారిన నీరు 70, పీహెచ్ 5.6. చలికి పెరుగుదల మందగించినా, లేత ఆకులు పచ్చగానే ఉన్నాయి, పాత పద్ధతిలో ఉంచిన జంటలో బుడిపెలు ఎండిపోయిన మొక్కకు అరచేతి పొడవున కూజా వేలాడుతోంది. ప్లాస్టిక్ చీటీని ఆవిడ పారేయలేదు. ఒక ఎర్రని ఆకుకు దానిని క్లిప్పుతో తగిలించి ఉంచారు. నెలకొకసారి తీసి, కింద పచ్చని ముద్ర ఉందో లేదో చూసి, తేదీ వేసి ఫొటో తీసుకుంటున్నారు.